కీబోర్డు చేతిలో ఉంది, పాట ఎవరి పేరున ఉంది? గోదావరి డెల్టా నుంచి సింథ్‌పాప్ బ్యాండు దారి

సంక్షిప్తంగా: సింథసైజర్ల మీద పాటలు కట్టే సింథ్‌పాప్ బ్యాండుకు ఇద్దరు ముగ్గురు మనుషులూ ఒక గదీ చాలు. పెళ్లి ఆర్కెస్ట్రాలూ చర్చిలూ తయారుచేసిన కీబోర్డు, ప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ తాళవాద్యం) కళాకారులు గోదావరి డెల్టాలో ఊరూరా ఉన్నారు. వాళ్ల పనితనం ఎక్కువగా సినిమా పాటల మీద ఆ రాత్రికి కూలిగా మారుతోంది తప్ప, సొంత పాటగా, దాని మీద హక్కుగా మిగలడం అరుదు. 1980ల నాటి బ్రిటిష్ బ్యాండ్ల అనుభవాన్నీ, మన కాపీరైట్ చట్టాన్నీ, స్ట్రీమింగ్ లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కు వాద్యం దగ్గర కాక ఒప్పందం దగ్గర ఉందని తెలుస్తుంది.

స్వతంత్రం అంటే ఏది?

"ఇండిపెండెంట్ సాంగ్" అన్న మాట ఇప్పుడు చాలా తెలుగు వీడియోల మీద కనిపిస్తోంది. దాంతో సినిమాలో లేని ప్రతి పాటా స్వతంత్రమైనదేనన్న అభిప్రాయం స్థిరపడింది. నిజానికి ఆ పాటల్లో కొన్నింటిని సినిమా పాటలు అమ్మే సంస్థలే విడుదల చేస్తున్నాయి. ఖర్చు వాటిది, రికార్డింగు మీద హక్కూ వాటిదే. పాడినవాళ్లకూ వాయించినవాళ్లకూ దక్కేది ఒకసారి ఇచ్చే పారితోషికం మాత్రమే. సంగీత వ్యాపారంలో స్వతంత్రం అన్నది పాట శైలిని బట్టి తేలే విషయం కాదు. రికార్డింగుకు డబ్బు ఎవరు పెట్టారు, హక్కు ఎవరి పేరున ఉంది, అది ఎంతకాలం ఉంటుంది అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి తేలుతుంది.

సింథ్‌పాప్ బ్యాండ్ల చరిత్రలో ఈ మూడు ప్రశ్నలూ ఎంతో స్పష్టంగా ఎదురవుతాయి. మనుషులు తక్కువ, యంత్రాలు ఎక్కువ కావడం వల్ల డబ్బు ఎటు నుంచి ఎటు పోయిందో వాటి విషయంలో సులువుగా కనిపిస్తుంది. డెల్టాలో కీబోర్డు పట్టుకున్న యువతకు ఆ చరిత్ర పనికొచ్చేది ఇందుకే.

ఇద్దరు ముగ్గురితో బ్యాండు ఎలా సాధ్యమైంది

తీగనూ తోలునూ ఊపిరినీ ఆధారం చేసుకోకుండా విద్యుత్తుతోనే ధ్వనిని పుట్టించే వాద్యం సింథసైజర్. అందులో ఆసిలేటర్ ముడి స్వరాన్ని ఇస్తుంది. ఫిల్టర్ ఆ స్వరంలోని పదునును కోసి మెత్తబరుస్తుంది. స్వరం ఎంత వేగంగా లేవాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా సన్నగిల్లాలి అన్నది ఎన్వలప్ నిర్ణయిస్తుంది. ఈ మూడింటినీ తిప్పుకుంటూ పోతే ఒకే మీట మీద వేణువులాంటి నాదమూ, డోలు దెబ్బలాంటి చప్పుడూ పలికించవచ్చు.

1970లో వచ్చిన మినీమూగ్ ఈ యంత్రాన్ని వేదిక మీదికి మోసుకుపోగల పరిమాణానికి తెచ్చింది. కానీ ఒకేసారి ఒక్క స్వరమే పలికేది. 1978లో వచ్చిన ప్రొఫెట్-5 ఒకేసారి అయిదు స్వరాలు పలకడమే కాక, కళాకారుడు తయారుచేసుకున్న ధ్వనులను గుర్తుంచుకోవడం కూడా నేర్చింది. 1983లో యమహా డీఎక్స్7 పదహారు స్వరాలతో, 1,995 డాలర్ల ధరకు మార్కెట్లోకి దిగింది. అదే ఏడాది మిడి ప్రమాణం రావడంతో ఒక కంపెనీ కీబోర్డు మరో కంపెనీ డ్రమ్ మెషీన్‌ను నడిపించగలిగింది. దాంతో డ్రమ్మర్ అవసరం తగ్గింది, పెద్ద రిహార్సల్ హాలు అవసరం తగ్గింది, వచ్చిన డబ్బులో వాటాదారులూ తగ్గారు.

యంత్రం చవకైన కొద్దీ ఇల్లే స్టూడియో అయింది. 1978లో లండన్‌లో డేనియల్ మిల్లర్ ఒక కోర్గ్ 700ఎస్ సింథసైజర్‌తో, నాలుగు ట్రాకుల టేప్ రికార్డర్‌తో ఇంట్లోనే రెండు పాటలు రికార్డు చేసి, వాటిని విడుదల చేయడానికి మ్యూట్ అనే సొంత లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) పెట్టుకున్నాడు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో క్రాఫ్ట్‌వెర్క్ అంతకుముందే క్లింగ్ క్లాంగ్ అనే సొంత స్టూడియోలో ఇదే పద్ధతికి బాట వేసింది.

మార్పు అందరికీ నచ్చలేదు. 1982లో బ్రిటన్ సంగీతకారుల సంఘం లండన్ శాఖలో సింథసైజర్ల, డ్రమ్ మెషీన్ల వాడకాన్ని అడ్డుకోవాలన్న తీర్మానం కూడా వచ్చింది. వయొలిన్, ట్రంపెట్ వాయించేవాళ్ల పని పోతుందన్న వాళ్ల భయంలో నిజం ఉంది. ఆ నిజం తర్వాతి కాలంలో డెల్టాకూ వచ్చింది.

హార్మోనియం నుంచి ప్యాడ్ వరకు

గోదావరి జిల్లాల్లో మీటల వాద్యానికి సుదీర్ఘ చరిత్ర ఉంది. పద్యనాటకాల కాలంలో హార్మోనిస్టు లేకుండా తెర లేచేది కాదు. రాగం ఎత్తుకోవడానికి నటుడికి శ్రుతి అందించేదీ, పద్యం చివర "వన్స్‌మోర్" పడ్డప్పుడు మళ్లీ అందుకునేదీ ఆయనే. క్రైస్తవ మిషన్ల ద్వారా ఇంకో పాయ వచ్చింది. 1836లో భారత్‌కు వచ్చి, తర్వాత నరసాపురం ప్రాంతంలో పనిచేసిన బౌడెన్, బీర్ అనే మిషనరీలతో గోదావరి డెల్టా మిషన్ మొదలైంది. ఆ తర్వాత వెలసిన చర్చిల్లో కీర్తనకు హార్మోనియం, ఇటీవలి కాలంలో కీబోర్డు తోడయ్యాయి.

మూడో పాయ రేడియో. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు ఆకాశవాణిలో ఉద్యోగం చేస్తూనే సినిమాతో సంబంధం లేని లలిత గీతానికి ఒక రూపం ఇచ్చినవారిలో ముఖ్యులు. ఇక్కడ గమనించవలసింది, రేడియో ఆ పాటకు జీతం ఇచ్చింది, వాద్యబృందాన్ని ఇచ్చింది, వినేవాళ్లనూ ఇచ్చింది. సినిమాకు బయట తెలుగు పాట దశాబ్దాల పాటు నిలబడింది ఒక సంస్థ అండతోనే. ఆ అండ లేని చోట ప్రతిభ వలస పోయింది. కొవ్వూరులో పుట్టిన ఎం.ఎం.కీరవాణి మద్రాసు వెళ్లి సంగీత దర్శకుల దగ్గర సహాయకుడిగా పనిచేసి పైకి వచ్చారు. అప్పటి మద్రాసులో కీబోర్డు వాయించేవాళ్లకు పని బాగా దొరికేది, ఎ.ఆర్.రెహ్మాన్ కూడా రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినవారే.

ఊళ్లో మిగిలినవాళ్లకు ఆర్కెస్ట్రా మిగిలింది. వయొలిన్, క్లారినెట్, తబలా, డోలక్, కాంగో, గిటార్ ఉన్న పెద్ద బృందాలు క్రమంగా చిక్కిపోయాయి. తీగల వాద్యాలనూ ఊదే వాద్యాలనూ కీబోర్డు మింగింది. తాళవాద్యాలను రోలాండ్ వంటి కంపెనీల ప్యాడ్ మింగింది. ఇప్పుడు లాప్‌టాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ముందే రికార్డు చేసి పెట్టుకున్న వాద్యసంగీతం, అంటే ట్రాక్, ఆ కీబోర్డునూ ప్యాడ్‌నూ మింగుతోంది. గాయకుడూ ట్రాకూ ఉంటే కార్యక్రమం జరిగిపోతుంది. లండన్ సంగీతకారులు 1982లో దేనికి భయపడ్డారో అది ఇక్కడ మూడు విడతల్లో జరిగింది.

ఈ కుదింపులోంచే ఒక అరుదైన పనితనం పుట్టింది. పెళ్లి వేదిక మీద కీబోర్డు కళాకారుడిని దగ్గర నుంచి చూస్తే అది అర్థమవుతుంది. మీటలను రెండుగా విడగొట్టి కింది సగంలో బేస్, పై సగంలో వేణువు పెట్టుకుంటాడు. గాయకుడి గొంతు అందకపోతే పాట మధ్యలోనే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి శ్రుతి దించుతాడు. సన్నాయి బిట్ వచ్చేసరికి కుడిచేత్తో మీట నొక్కి, ఎడమచేతి వేళ్లతో పిచ్ వీల్‌ను వెనక్కీ ముందుకూ నెడుతూ, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుతూ గమకం పలికిస్తాడు. మీటకూ మీటకూ మధ్య ఉన్న నాదాన్ని వెతికి పట్టుకునే ఆ ఎడమచేతి పని ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. పక్కన ప్యాడ్ కళాకారుడు డోలక్, తవిల్, తీన్‌మార్ దెబ్బలను ఎనిమిది చదరాల్లో సర్దుకుని, పెళ్లి ఊరేగింపు నుంచి జాతర దాకా ఒక్కడే నడిపిస్తాడు. సింథ్‌పాప్ బ్యాండుకు కావలసిన మనుషులు వీళ్లే.

ఆ రాత్రి కూలి

అయితే ఆ రాత్రి వాయించిన పాటలన్నీ ఎవరో కట్టినవి. డెల్టాలో సార్వా, దాళ్వా రెండు పంటలూ పండించే కౌలు రైతుకు వ్యవసాయం చేనుగలవాడికంటే బాగా తెలిసి ఉండవచ్చు. పంటలో కౌలు పోగా మిగిలింది ఆయనదే, చేను విలువ పెరిగితే మాత్రం అది పట్టా ఉన్నవాడిదే. ఆర్కెస్ట్రా కళాకారుడి స్థితి అలాంటిదే. ఇరవై ఏళ్లు వాయించినా ఆయన పేరున ఒక్క పాట ఉండదు. చేయి ఆగిన రోజు రాబడీ ఆగుతుంది.

రాబడికి కాలం కూడా అడ్డం. ముహూర్తాలున్న నెలల్లో ఒకే రాత్రికి రెండు చోట్ల పిలుపు వస్తుంది. ఆషాఢంలో, మూఢంలో నెల మొత్తం ఖాళీ. సంక్రాంతి, జగ్గన్నతోట ప్రభల తీర్థం, భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాలు, అంతర్వేది కల్యాణం మాఘం లోపలే వరసగా వచ్చి పోతాయి. ఖాళీ నెలల్లో మరో పని చేసుకోక తప్పదు. కీబోర్డును తాకట్టు పెట్టే పరిస్థితి వస్తే తర్వాతి సీజనుకు అద్దె వాద్యంతో దిగవలసి వస్తుంది.

మూడు బ్యాండ్లు, మూడు ఒప్పందాలు

ఎసెక్స్‌లోని బాసిల్డన్ అనే చిన్న పట్టణంలో 1980లో ఏర్పడిన డెపెష్ మోడ్‌కు పెద్ద సంస్థల నుంచి కూడా పిలుపులు వచ్చాయి. వాళ్లు డేనియల్ మిల్లర్ లేబుల్‌ను ఎంచుకున్నారు. ఏళ్ల తరబడి రాతకోతలు లేవు. ఖర్చులు పోగా లాభం సగం సగం అన్న మాట మీదే పని నడిచింది. మొదటి ఆల్బమ్ వచ్చిన 1981లోనే పాటలు ఎక్కువగా రాసిన విన్స్ క్లార్క్ బ్యాండు విడిచి వెళ్లాడు. సాధారణంగా అక్కడితో బ్యాండు కథ ముగుస్తుంది. ఇక్కడ మరో సభ్యుడు మార్టిన్ గోర్ రాసే బాధ్యత తీసుకున్నాడు, లేబుల్ ఓపిక పట్టింది, ఆల్బమ్ తర్వాత ఆల్బమ్‌గా వినేవాళ్లు పెరిగారు. 1988 జూన్ 18న కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ మైదానంలో అరవై వేల మందికి పైగా ముందు వాళ్లు వాయించేనాటికి కూడా వాళ్లది చిన్న లేబులే. లాభంలో సగం వాటా ఇచ్చే లేబుల్‌కు తొందర తక్కువ. పాట వెంటనే ఆడకపోయినా బ్యాండును వదిలించుకోవలసిన అవసరం దానికి లేదు. ఈ బ్యాండు దీర్ఘాయువుకు ఉన్న కారణాల్లో ఇది ప్రధానమైనది.

మాంచెస్టర్ బ్యాండు న్యూ ఆర్డర్ కథ ఇంకా విచిత్రం. వాళ్ల లేబుల్ ఫ్యాక్టరీ వ్యాపారంలో బలహీనం. 1983 నాటి "బ్లూ మండే" సింగిల్ విపరీతంగా అమ్ముడుపోయింది. దాని కవరును కత్తిరించి అచ్చువేయడానికి అయిన ఖర్చు వల్ల మొదట్లో ప్రతి కాపీ మీదా నష్టమే వచ్చిందని ఆ లేబుల్ మనుషులే చెప్పేవారు. బ్యాండు సంపాదన చాలావరకు హసియెండా అనే నైట్‌క్లబ్బును నడపడానికి పోయింది. 1992లో ఫ్యాక్టరీ దివాలా తీసింది. దాన్ని కొనాలని చూసిన లండన్ రికార్డ్స్‌కు అప్పుడు తెలిసిన సంగతేమంటే, రికార్డింగుల మీద హక్కు లేబుల్‌ది కాదు. సంగీతకారులకే సర్వహక్కులు, కంపెనీకి ఏమీ లేదు అని తొలినాళ్లలో రాసుకున్న ఒక కాగితం ఉంది. లేబుల్ పోయింది, పాటలు బ్యాండు దగ్గరే మిగిలాయి, కొత్త ఒప్పందానికి బ్యాండే నేరుగా కూర్చుంది. ఆ ఒక్క కాగితం దశాబ్దపు నష్టాలను చాలావరకు పూడ్చింది.

షెఫీల్డ్‌లో హ్యూమన్ లీగ్ అనే బ్యాండు 1980లో చీలినప్పుడు వివాదం పేరు మీద వచ్చింది. పేరు గాయకుడు ఫిలిప్ ఓకీకి దక్కింది, దాంతోపాటు వర్జిన్ అనే రికార్డు సంస్థకు ఉన్న బాకీలు కూడా. వెళ్లిపోయిన మార్టిన్ వేర్, ఇయాన్ క్రెయిగ్ మార్ష్‌లకు తర్వాతి ఆల్బమ్ రాయల్టీలో ఒక శాతం ఇవ్వాలన్నది షరతు. ఆ తర్వాతి ఆల్బమే 1981లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. చీలిక రోజున ఎవరూ ఊహించని విలువ పేరులో ఉంది.

బొంబాయి నుంచి ఒక ఉదాహరణ

డెల్టా కళాకారుడికి వీటన్నిటికంటే దగ్గరి ఉదాహరణ చరణ్‌జిత్ సింగ్. ఆయన బొంబాయి సినిమా పాటల్లో గిటార్, కీబోర్డు వాయించిన సెషన్ కళాకారుడు. 1982లో రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 యంత్రాలతో పది రాగాలను డిస్కో తాళం మీద వాయించి ఒక రికార్డు చేశారు. అది అమ్ముడుపోలేదు, మరుగున పడింది. నెదర్లాండ్స్‌కు చెందిన ఒక సేకర్త చొరవతో 2010లో మళ్లీ విడుదలైనప్పుడు, అమెరికాలో తర్వాతి కాలంలో ఇవే యంత్రాలతో వచ్చిన యాసిడ్ హౌస్ సంగీతానికి ఇది అయిదేళ్లు ముందున్నదని ప్రపంచం గుర్తించింది. డెబ్బయ్యో పడిలో ఆయన యూరప్ వేదికల మీద అదే సంగీతం వాయించారు, 2015లో కన్నుమూశారు.

ఆయన ఎంచుకున్న పద్ధతి గమనించదగినది. టీబీ-303కి ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే గుణం ఉంది. బేస్ గిటార్‌కు బదులుగా తయారుచేసిన ఆ పెట్టెలో రాగానికి కావలసిన జారుడును ఆయన పట్టుకున్నారు. పెళ్లి వేదిక మీద పిచ్ వీల్ తిప్పే చేయి చేస్తున్నదీ ఇదే పని. లండన్, బెర్లిన్ శైలిని అనుకరిస్తే డెల్టా నుంచి వచ్చే సింథ్ పాటకు ప్రత్యేకత ఉండదు. గమకం తెలిసిన ఎడమచేయి దానికి సొంత గొంతు ఇవ్వగలదు.

ఆయన జీవితకాలంలో వాయించిన వందల సినిమా పాటల కంటే, సొంత పేరున ఉన్న ఆ ఒక్క అమ్ముడుపోని రికార్డే ఆయనను నిలబెట్టింది. అయితే గుర్తింపు రావడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టిందన్నది మరిచిపోకూడదు. ఆ ఇరవై ఎనిమిదేళ్లూ ఇల్లు గడిచింది ఇతరుల పాటలతోనే.

చట్టంలో రెండు వేర్వేరు ఆస్తులు

ఒక పాటలో చట్టం రెండు వేర్వేరు ఆస్తులను చూస్తుంది. ఒకటి పాట: సాహిత్యం, వరస. రెండోది ఆ పాటను పట్టి ఉంచిన రికార్డింగు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటిదాని మీద హక్కు రాసినవాళ్లకు, వరస కట్టినవాళ్లకు వాళ్ల జీవితకాలమూ ఆపైన 60 ఏళ్లూ ఉంటుంది. రికార్డింగు మీద హక్కు దాని నిర్మాతది, విడుదలైన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్లు. రికార్డింగుకు చొరవ చూపి బాధ్యత వహించినవారే చట్టం దృష్టిలో నిర్మాత. ఎవరో యూట్యూబ్ చానల్ యజమాని స్టూడియో ఖర్చు పెట్టుకుని "మీరు వచ్చి వాయించండి చాలు" అన్నాడంటే, వేరే రాత లేని పక్షంలో రికార్డింగు ఆయనదిగానే తేలే అవకాశం ఎక్కువ.

హక్కు బదలాయింపు రాతలో, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం భావిస్తుంది. 2012 సవరణ తర్వాత సాహిత్యకారుడూ సంగీతకర్తా తమ రాయల్టీ హక్కును పూర్తిగా వదులుకునేలా రాయించుకోవడం చెల్లదు. ఆ రాయల్టీ వసూలు చేసి పంచే పని 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ (ఐపీఆర్‌ఎస్)ది. 2017లో అది కాపీరైట్ సొసైటీగా తిరిగి నమోదైంది. సభ్యత్వం తీసుకుని పాటను నమోదు చేయించుకుంటేనే అందులో వాటా వస్తుంది.

డెల్టాకు ప్రత్యేకంగా తగిలే నిబంధన మరొకటి ఉంది. మతపరమైన వేడుకల్లో, పెళ్లి ఊరేగింపులో, పెళ్లితో ముడిపడిన వేడుకల్లో పాట వాయించడాన్ని చట్టంలోని 52వ సెక్షను ఉల్లంఘనగా చూడదు. ఆర్కెస్ట్రాలకు అది మేలు. అలాంటి వేడుకల్లో సినిమా పాట వాయించినందుకు ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు. సొంత పాటలు కట్టే బ్యాండుకు మాత్రం అదే నిబంధన రెండో వైపు నుంచి తగులుతుంది. దాని పాట జనంలోకి వెళ్లి ప్రతి పెళ్లిలోనూ మోగినా అక్కడి నుంచి రాయల్టీ రాదు. ఈ ప్రాంతంలో పాటకు అతిపెద్ద వేదిక పెళ్లే కాబట్టి, ఆ వేదిక మీద స్వయంగా వాయించి తీసుకునే పారితోషికమే దారి.

వింటే వచ్చే డబ్బు

2016లో జియో రాకతో డేటా చవకైంది. 2019లో స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ భారత్‌లో అడుగుపెట్టాయి. అమెరికాలో నెలకు 9.99 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో 700 రూపాయల దాకా ఉన్న స్పాటిఫై చందా ఇక్కడ 119 రూపాయలతో మొదలైంది. చందా కట్టకుండా ప్రకటనలతో వినేవాళ్లే ఇక్కడ ఎక్కువ. కనుక ఒక్కో వినికిడికి వచ్చే మొత్తం అమెరికాతో పోలిస్తే చాలా తక్కువ.

పంపిణీ పద్ధతి దీనికి తోడు. అమలాపురంలో ఒక శ్రోత నెలంతా ఒకే బ్యాండు పాటలు విన్నా ఆ శ్రోత కట్టిన చందా ఆ బ్యాండుకే పోదు. అందరి చందాలూ ఒక రాశిగా చేరతాయి. అందులో సుమారు మూడింట రెండు వంతులు హక్కుదారులకు, మొత్తం వినికిడిలో వాళ్ల వాటాను బట్టి పంచుతారు. వినికిడిలో సింహభాగం సినిమా పాటలది కాబట్టి సొమ్ములో సింహభాగమూ ఆ సంస్థలకే వెళుతుంది. 2024 నుంచి స్పాటిఫైలో గత పన్నెండు నెలల్లో 1,000 సార్లు వినని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కలోకే రాదు. కొత్త బ్యాండుకు ఇది మొదటి మెట్టు మీదే దెబ్బ.

యూట్యూబ్‌లో 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు) దాటాకే ప్రకటనల ఆదాయంలో వాటా మొదలవుతుంది. పెద్ద వీడియోల మీద అది 55 శాతం. అక్కడ ఇంకో ప్రమాదం ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ లూప్‌ను, అంటే మళ్లీ మళ్లీ మోగే చిన్న సంగీతపు తునకను, వాడి పాట కడితే, అదే లూప్‌తో ముందుగా విడుదలైన మరో పాట యజమాని నుంచి కంటెంట్ ఐడీ (పాటలను పోల్చి చూసే యూట్యూబ్ పద్ధతి) క్లెయిమ్ వచ్చి ఆదాయం ఆగిపోవచ్చు. ధ్వనిని సొంతంగా తయారుచేసుకునే సింథ్ బ్యాండుకు ఈ బాధ తక్కువ. ఆసిలేటర్‌తో మొదలుపెట్టి ధ్వనిని కట్టుకోవడం కళ మాత్రమే కాదు, హక్కు విషయంలో రక్షణ కూడా.

వేదికను అద్దెకు తీసుకున్నట్టే వాడుకోవాలని ఇటీవలి సంఘటనలు హెచ్చరిస్తున్నాయి. రెస్సో అనే పాటల యాప్ 2024 జనవరిలో భారత్‌లో మూతపడింది, అదే ఏడాది వింక్ అనే మరో యాప్ కూడా. వాటి మీద పెంచుకున్న శ్రోతల జాబితా బ్యాండు చేతికి రాదు.

డెల్టాలో ఇప్పటికే ఉన్న స్వతంత్ర పాట

స్వతంత్ర సంగీతం అనగానే హైదరాబాదు కేఫ్‌లూ, కాలేజీ రాక్ బ్యాండ్లూ గుర్తుకు రావడం అలవాటు. డెల్టాలో సొంత సాహిత్యం, సొంత వరస, సొంత ఖర్చుతో ఏటా వెలువడే పాటల్లో ఎక్కువ భాగం చర్చి నుంచి వస్తున్నాయి. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ ముందు కొత్త పాట విడుదల చేయడం ఆనవాయితీ అయింది. పాస్టరో విశ్వాసో రాస్తారు, సంఘంలోని కీబోర్డు కుర్రాడు వరసకు వాద్యసంగీతం కూరుస్తాడు, రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో ట్రాక్ తయారవుతుంది, సంఘం చానల్‌లో పాట వస్తుంది. ఆ పాటను ఆదివారం పాడే జనం ముందే ఉన్నారు.

తెలంగాణలో జానపద పాట యూట్యూబ్‌లో వేరే దారిన నిలదొక్కుకుంది. అక్కడ గాయకులు, డ్యాన్సర్లు, చానళ్లు కలిసి సినిమాతో పనిలేని ఒక చిన్న పరిశ్రమనే తయారుచేసుకున్నారు. పాట హిట్టయితే ఊరూరా వేదికల నుంచి పిలుపు వస్తుంది. చర్చి పాటకూ జానపద పాటకూ ఉమ్మడి లక్షణం ఒక్కటే. పాట విడుదలకు ముందే దాన్ని అందుకునే సమూహం ఉంది. సింథ్‌పాప్‌కు డెల్టాలో అలాంటి సమూహం ఇంకా లేదు. సంగీతం నాణ్యత కంటే పెద్ద లోటు అదే.

రాగల మార్పులు

ట్రాక్‌ల వాడకం పెరిగేకొద్దీ సగటు కీబోర్డు కళాకారుడికి పెళ్లి సీజను రాబడి తగ్గుతుందనే అంచనా వేయవచ్చు. రెండు దారులు కనిపిస్తున్నాయి: ఇతరులకు ట్రాక్‌లు చేసిపెట్టే పని, లేదా సొంత పాట. మొదటిదానికి గిరాకీ ఇప్పటికే ఉంది. యంత్రాల ఖర్చు ఇప్పుడు అడ్డు కాదు. వైటల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ సింథసైజర్లు మామూలు లాప్‌టాప్‌లో నడుస్తాయి, పాత రోలాండ్, మూగ్ యంత్రాల చవక నకళ్లూ వచ్చాయి. పాతకాలపు అనలాగ్ యంత్రాలతో వేదిక ఎక్కాలనుకునేవాళ్లకు కోనసీమ వాతావరణం ఇబ్బంది పెడుతుంది. వేడికి ఆసిలేటర్ శ్రుతి తప్పుతుంది, తేమకు స్లైడర్ల లోపలి పట్టీలు చిలుము పడతాయి, జనరేటర్ కరెంటుకు ఎర్తింగ్ సరిగా లేకపోతే బాక్సుల్లో గుయ్యిమనే రొద తప్పదు. లాప్‌టాప్, మిడి కీబోర్డు, ప్యాడ్ ఉన్న అమరికే ఇక్కడ నికరం.

వేదిక విషయంలో సినిమా పాటను పూర్తిగా వదిలేయడం ఆచరణలో కష్టం. జాతరలో కింద నుంచి చీటీ మీద పాట పేరు వస్తుంది. అది వాయించక తప్పదు. కానీ మూడు గంటల కార్యక్రమంలో రెండు సొంత పాటలు పెట్టుకునే వెసులుబాటు దాదాపు ప్రతి బృందానికీ ఉంది. జనం గోలగా ఉన్నప్పుడు కాక, మంచి హిట్టు పాట ముగిసి చప్పట్లు పడుతున్న క్షణంలో అదే తాళంతో సొంత పాటను ఎత్తుకుంటే వినేవాళ్లు నిలుస్తారు. భీమవరం, సూరంపాలెం, రాజమహేంద్రవరం ఇంజినీరింగ్ కాలేజీల వార్షికోత్సవాలు దీనికి ఇంకా అనువైన చోట్లు. అక్కడ శ్రోతలు ఇరవై ఏళ్లవాళ్లు, ఎలక్ట్రానిక్ ధ్వని వాళ్ల చెవికి కొత్త కాదు.

వీటన్నిటికంటే ముందు జరగవలసింది ముగ్గురు కూర్చుని రాసుకునే ఒక పేజీ. బ్యాండు పేరు ఎవరిది, ఒకరు గల్ఫ్‌కో హైదరాబాదుకో వెళ్లిపోతే పేరు ఎవరి దగ్గర ఉంటుంది, సాహిత్యంలో వరసలో ఎవరి వాటా ఎంత, రికార్డింగు ఖర్చు ఎవరు పెట్టారు, చానల్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటుంది. మాట మీద నడిచిన డెపెష్ మోడ్‌కు డేనియల్ మిల్లర్ దొరికాడు. అలాంటి మనిషి దొరుకుతాడన్న హామీ ఎవరికీ లేదు కాబట్టి హ్యూమన్ లీగ్ చీలికనే మాదిరిగా పెట్టుకోవడం మంచిది. ఆషాఢంలోనూ మూఢంలోనూ బృందం ఎలాగూ ఖాళీగానే ఉంటుంది. ఆ పేజీ రాసుకోవడానికీ, రెండు పాటలు రికార్డు చేసుకోవడానికీ, ఐపీఆర్‌ఎస్ దరఖాస్తు నింపడానికీ ఆ వారాలు సరిపోతాయి.